ఫిన్నిష్‌లో డీప్ ఫ్రీజింగ్‌కి "లోతు" అన్న మాట ఎలా వచ్చింది?

నిఘంటుప్రియ:
ఫిన్లాండ్‌లో ఉండే మనవాళ్ళ కోసం వంటింటి మాటలతో ఒక చిన్న ఫిన్నిష్–తెలుగు పదాల పట్టిక తయారు చేస్తున్నాను. ఒక పదం దగ్గర ఆగిపోయాను. స్యువ్యాయాద్యుత్యుస్. ఇందులో "స్యు" అన్నచోట మన "యు" కాదు, పెదాలు సున్నాలా పెట్టి "ఇ" అనాలి, తెలుగు లిపిలో ఇంతకంటే దగ్గరగా రాయలేకపోతున్నాను. స్యువ్యా అంటే లోతు, యాద్యుత్యుస్ అంటే గడ్డకట్టించడం. రెండూ కలిపితే "లోతు గడ్డకట్టింపు". ఆహారాన్ని బాగా కింది ఉష్ణోగ్రతకి తీసుకెళ్ళి గడ్డకట్టించి నిల్వచేసే పద్ధతి అన్నమాట. అయితే అక్కడి సూపర్‌మార్కెట్‌లో ఈ మాట కనపడదట, అంతా పకస్తె, పకస్తిన్ అనే ఉంటుందట. ఒకే పనికి రెండు మాటలు ఎందుకు? ఈ లోతు ఎవరిది? ఫిన్నిష్ వాళ్ళదేనా, బయటి నుంచి తెచ్చుకున్నదా?

ఎస్పోవాసి:
ప్రియ గారూ, ఇక్కడ ఫ్రీజర్ ముందు నిలబడితేనే సగం జవాబు దొరుకుతుంది. ఫిన్లాండ్‌లో ఫిన్నిష్, స్వీడిష్ రెండూ అధికార భాషలు కాబట్టి ప్యాకెట్ల మీద రెండూ ఉంటాయి. ఫ్రోజెన్ బఠాణీల ప్యాకెట్ తీసుకోండి. ఫిన్నిష్ వైపు "పకస్తె" అని, పక్కనే స్వీడిష్‌లో "యూప్‌ఫ్ర్యూస్త్" అని ఉంటుంది. స్వీడిష్‌లో యూప్ అంటే లోతు, ఫ్ర్యూస్త్ అంటే గడ్డకట్టించినది. అంటే లోతు స్వీడిష్ వైపు ఉంది, ఫిన్నిష్ వైపు లేదు. మీరు చెప్పిన స్యువ్యాయాద్యుత్యుస్ ఆ స్వీడిష్ మాటకి అచ్చంగా ముక్కకి ముక్క పెట్టిన రూపం.

చలిమంట:
అచ్చ ఫిన్నిష్ మాట కాదని అంత తొందరగా తేల్చేయకండి. యా అంటే మంచుగడ్డ, అది ఫిన్నిష్ కుటుంబమైన యూరాలిక్ భాషల్లో చాలా పాత మాట. ఎస్టోనియన్‌లోనూ యా, హంగేరియన్‌లో యేగ్. స్యువ్యాకి కూడా ఎస్టోనియన్‌లో చుట్టం ఉంది. రెండు ముక్కలూ సొంతవే అయినప్పుడు పదం అరువు ఎలా అవుతుంది?

వ్యాకరణం_వాణి:
ముక్కలు సొంతవి, కూర్పు అరువు. ఇది ఫిన్నిష్‌లో చాలా పాత అలవాటు. 1809 దాకా ఆ దేశం స్వీడన్ ఏలుబడిలో ఉంది, చదువూ కోర్టూ కచేరీ అన్నీ స్వీడిష్‌లోనే. తర్వాత రష్యా చక్రవర్తి కిందికి వెళ్ళినా పెద్ద ఉద్యోగుల భాష చాలాకాలం స్వీడిషే. అందుకని కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా స్వీడిష్ సమాసాన్ని విప్పి, ఒక్కో ముక్కకి ఫిన్నిష్ ముక్క పెట్టుకున్నారు. రైలుదారికి రౌతతియె: రౌత అంటే ఇనుము, తియె అంటే దారి. స్వీడిష్‌లోనూ "ఇనుపదారే", జర్మన్‌లోనూ అంతే. ఫ్రిజ్‌కి యాకాప్పి, అంటే మంచుగడ్డ బీరువా. కరెంటు లేని రోజుల్లో నిజంగా మంచుదిమ్మలు పెట్టిన చెక్క బీరువాలు ఉండేవి, వాటికి పెట్టిన పేరు కంప్రెసర్ వచ్చాక కూడా అలాగే ఉండిపోయింది.

అన్నీ ఇలా చేశారని కాదు. కరెంటుకి పెట్టుకున్న స్యాహ్‌క్యొ అనే మాటని 1845లో సామ్యూల్ రూస్ అనే ఆయన కొత్తగా పుట్టించాడు, ప్రపంచమంతా వాడే ఎలక్ట్రిసిటీ జోలికే వెళ్ళలేదు. కాబట్టి వాళ్ళ ముందు రెండు దారులు ఉండేవి, ఒకటి కూర్పుని అరువు తెచ్చుకోవడం, రెండోది ఉన్న ధాతువు నుంచి కొత్త మాట పుట్టించడం. ప్రియ గారు అడిగిన రెండు మాటలు సరిగ్గా ఈ రెండు దారులకీ చెందినవి.

గోదారిగట్టు:
నేను భాష మనిషిని కాదండి, భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో చేస్తాను. మా పనిలో ఈ "డీప్" అన్న మాట అసలు వినపడదు. ప్లేట్ ఫ్రీజర్, బ్లాస్ట్ ఫ్రీజర్, ఐక్యూఎఫ్ (ఒక్కో రొయ్యని విడివిడిగా గడ్డకట్టించేది), ఇవే. ప్లేట్ ఫ్రీజర్‌లో అల్యూమినియం ప్లేట్ల మధ్య ట్రేలు పెట్టి పైనా కిందా నొక్కుతాం, ప్లేట్ల లోపల అమ్మోనియా తిరుగుతూ మైనస్ 40 దాకా లాగుతుంది. బ్లాక్ బయటికి తీశాక నడిమధ్య రంధ్రం చేసి థర్మామీటర్ గుచ్చితే మైనస్ 18 గానీ అంతకంటే కింద గానీ చూపించాలి, లేకపోతే మళ్ళీ లోపలికే. ఆ తర్వాత చల్లటి నీళ్ళలో ఒక్క మునక వేసి గ్లేజింగ్ చేస్తాం, పైన సన్నటి ఐసు పొర పడుతుంది, రొయ్య ఎండిపోకుండా కాపాడేది అదే.

మాకు ముఖ్యం వేగం. మైనస్ 1 నుంచి మైనస్ 5 మధ్యలో నీళ్ళు ఎక్కువ భాగం ఐసు అవుతాయి. ఆ మెట్టు నెమ్మదిగా దాటితే పెద్ద పెద్ద స్ఫటికాలు కట్టి కండని చీల్చేస్తాయి, కరిగించినప్పుడు నీరంతా కారిపోయి రొయ్య మెత్తబడిపోతుంది. గబగబా దాటిస్తే సన్న స్ఫటికాలు, కండ గట్టిగా ఉంటుంది. లోతు అని ఎందుకన్నారో నాకూ తెలుసుకోవాలని ఉంది.

మ్యూనిక్_తెలుగు:
గోదారిగట్టు అన్నా, మీరు చెప్పిన వేగమే అసలు మొదటి పేరు. క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్ 1912 తర్వాత, ఇప్పుడు కెనడాలో ఉన్న లాబ్రడార్‌లో ఉన్నప్పుడు, అక్కడి ఇన్యూట్ వాళ్ళు పట్టిన చేపలు ఆ గాలికీ చలికీ క్షణాల్లో బిగుసుకుపోవడం, నెలల తర్వాత వండినా తాజాగా ఉండటం గమనించాడు. ఆయన తర్వాత తయారు చేసిన మిషన్ల వంశమే మీ ప్లేట్ ఫ్రీజర్. 1930 మార్చిలో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో దుకాణాల్లో అమ్మకం మొదలైనప్పుడు ఆ సరుకుని "ఫ్రాస్టెడ్ ఫుడ్స్" అన్నారు. పద్ధతి పేరేమో "క్విక్ ఫ్రీజింగ్". డీప్ ఎక్కడా లేదు. ఇంగ్లీషులో ఆ మాటకి అంత ప్రచారం రావడంలో అమెరికాలో డీప్‌ఫ్రీజ్ అనే బ్రాండ్ ఫ్రీజర్ల పాత్ర పెద్దది. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ సైనిక సహాయకుడు హ్యారీ వాన్‌కి, ఆయన ద్వారా మరికొందరికి 1945లో బహుమతిగా వెళ్ళిన ఫ్రీజర్ల మీద 1949లో సెనేట్ విచారణ జరిగితే, పత్రికలన్నీ డీప్ ఫ్రీజర్ల గొడవ అనే రాశాయి.

అయితే జర్మన్ సంగతి వేరు. ఇక్కడ టీఫ్‌క్యూలుంగ్ అంటారు. జర్మన్‌లో టీఫ్ అంటే లోతు ఒక్కటే కాదు, "కింద ఉన్నది, తక్కువది" అని కూడా. తక్కువ ఉష్ణోగ్రతని టీఫ్ ఉష్ణోగ్రత అనే అంటారు. కాబట్టి జర్మన్ చెవికి ఆ మాట "తక్కువ ఉష్ణోగ్రతకి చల్లార్చడం" అని మామూలుగానే వినిపిస్తుంది, అందులో వింతేమీ లేదు. స్వీడిష్ వాళ్ళకి యూప్ లోతే, తక్కువ ఉష్ణోగ్రతకి వాళ్ళ మాట వేరే ఉంది. ఫిన్నిష్‌లోనూ అంతే కదా, ఎస్పోవాసి గారూ?

ఎస్పోవాసి:
అంతే. తక్కువ ఉష్ణోగ్రతని ఇక్కడ ఎవరూ స్యువ్యా అనరు, మతల అనో అల్హైనెన్ అనో అంటారు. దీనికి వాతావరణ వార్తలే పెద్ద రుజువు. అల్పపీడనాన్ని జర్మన్‌లో టీఫ్ అంటారు, ఫిన్నిష్‌లో మతలపైనె. మతల అంటే ఎత్తు తక్కువగా ఉన్నది, పైనె అంటే ఒత్తిడి. స్వీడిష్‌లో లోగ్‌త్ర్యుక్, అక్కడా "లోతు" లేదు. అంటే జర్మన్ టీఫ్‌ని "తక్కువ" అన్న అర్థంలో తీసుకున్నప్పుడు వీళ్ళిద్దరూ శుభ్రంగా సొంత "తక్కువ" మాటే పెట్టుకున్నారు. ఫ్రీజింగ్ దగ్గర మాత్రం లోతు వచ్చి కూర్చుంది. స్వీడిష్ వాళ్ళు జర్మన్‌నో ఇంగ్లీషునో చూసి లోతు అన్నారు, ఫిన్నిష్ వాళ్ళు అదే వరసలో స్యువ్యా అన్నారు. సొంతంగా ఆలోచించి పెట్టుకుని ఉంటే ఈ మాట "తక్కువ"తోనో "గట్టి చలి"తోనో మొదలయ్యేది.

వ్యాకరణం_వాణి:
ఇది చాలా బలమైన వాదన. దీనికి మన దగ్గరే ఇంకో సాక్ష్యం ఉంది. తుపాను రోజుల్లో వాతావరణ శాఖ ఇంగ్లీషు బులెటిన్‌లో "డీప్ డిప్రెషన్" అని వస్తుంది. తెలుగు పత్రికలు దాన్ని "తీవ్ర వాయుగుండం" అని రాస్తాయి, ఎవరూ "లోతైన వాయుగుండం" అని రాయలేదు. ఆ మాట పెట్టినవాళ్ళు డీప్ అన్నది ఇక్కడ కొలతలో తీవ్రత అని పట్టుకున్నారు. స్యువ్యాయాద్యుత్యుస్ పెట్టినవాళ్ళు ఆ పని చేయలేదు, ముక్కకి ముక్క పెట్టేశారు. నా దృష్టిలో రెండిట్లో మంచి పని మన పత్రికలవాళ్ళదే.

ఓరుగల్లు_కుర్రోడు:
మనం కూడా ఇంట్లో "మటన్ డీప్‌ల పెట్టు" అనే అంటం కదా అక్కా. డీప్ అంటే ఫ్రిజ్‌ల పై అర అని పిల్లలకు కూడా ఎరుకే. లోతు అన్న అర్థం ఎవ్వరి మనసులకు రాదు.

వ్యాకరణం_వాణి:
నిజమే తమ్ముడూ, డీప్ మనకి ఒక చోటు పేరు అయిపోయింది. అరువు మాట అరువుగానే ఉంటే ఆ సౌకర్యం ఉంది, దాని లోపలి అర్థం మనకి అడ్డురాదు. దాన్ని విప్పి సొంత ముక్కలు పెట్టినప్పుడే ప్రతి ముక్కా అర్థం అడుగుతుంది.

నిఘంటుప్రియ:
సరే, లోతు సంగతి తేలింది. మరి పకస్తె? దాని ముందు ఈ సమాసం ఎలా వెనకబడింది?

ఎస్పోవాసి:
దీని గురించి కొంచెం పెద్దగా రాస్తాను, ఎందుకంటే నాకు ఈ భాషలో అన్నిటికంటే నచ్చిన కుటుంబం ఇది.

పక్కనెన్ అంటే సున్నా కంటే కింద ఉన్న చలి. మామూలు చలి క్యుల్మ్యా, పక్కనెన్ వేరు. ఎస్టోనియన్‌లో కూడా పకనె అని ఉంది. బయట మైనస్ 20 ఉంటే ఫిన్నిష్ మనిషి "ఇరవై డిగ్రీల పక్కనెన్" అంటాడు, మైనస్ అని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, మాటలోనే ఉంది. బ్యాంకు ఖాతా సున్నా కిందికి పోయినా "ఖాతా పక్కనెన్ మీద ఉంది" అంటారు. వాతావరణం గడ్డకట్టే వైపు వెళ్తుంటే "పకస్తూ" అంటారు. అంటే ఇది పల్లెటూరి రైతు నోట్లో ఎప్పటి నుంచో నలిగిన మాట.

ఆహారాన్ని ఫ్రీజ్ చేయడానికి ఇదే ధాతువు నుంచి వచ్చిన పకస్తా అనే క్రియ స్థిరపడింది. ఆ క్రియ నుంచి మిగతావన్నీ వరసగా వచ్చేస్తాయి: చేసే పని పకస్తుస్, చేసే పరికరం పకస్తిన్, తయారైన సరుకు పకస్తె. చివరి ప్రత్యయం మారితే చాలు. సమాసంతో ఇది కుదరదు. స్యువ్యాయాద్యుత్యుస్‌తో పరికరం పేరు చెప్పాలంటే ఇంకా పొడుగు మాట కావాలి, సరుకు పేరు చెప్పాలంటే "లోతుగా గడ్డకట్టించబడిన ఆహారం" అనాలి. వంటింట్లో అంత మాట ఎవరంటారు?

ఇంకోటి, ఇక్కడి మనుషులకి ఫ్రీజర్ సోకు వస్తువు కాదు. ఆగస్టులో అడవిలో ఏరిన ముస్తిక్క పళ్ళు, సెప్టెంబరులో ఎర్రటి పువొలుక్క, శరదృతువులో వేటాడిన హిర్వి మాంసం, ఇవన్నీ ఏడాది పొడుగునా తినాలి. హిర్వి అంటే గుర్రం కంటే ఎత్తుండే పెద్ద దుప్పి, వేట బృందంలో ఒక్కొక్కరి వాటాకే బోలెడు మాంసం వస్తుంది. ఇంటింటికీ ఫ్రీజర్ రాకముందు, 1950లు 60ల్లో, పల్లెల్లో ఉమ్మడి ఫ్రీజర్ గదులు కట్టుకున్నారు, ఒక్కో కుటుంబానికి ఒక్కో అర. ఇంతగా వాడే వస్తువుకి పొట్టి మాటే నిలబడుతుంది. ఇప్పుడు ఇళ్ళలో పకస్తిన్ అని కూడా అనరు, "పళ్ళు పక్కనెన్‌లో పెట్టు" అంటారు, నేరుగా "గడ్డకట్టే చలిలో పెట్టు" అని.

చలిమంట:
అంటే బర్డ్స్‌ఐ సరుకుకి పెట్టిన "ఫ్రాస్టెడ్" అన్న పేరూ ఫిన్నిష్ పకస్తె ఒకే ఆలోచన అన్నమాట. రెండూ బయటి చలి పేరే. ఇది నాకు బాగా నచ్చింది. అయినా స్యువ్యాయాద్యుత్యుస్ పూర్తిగా పోలేదు కదా?

ఎస్పోవాసి:
పోలేదు. జీవకణాల్ని, మనిషి శరీరాన్ని గడ్డకట్టించి దాచడం లాంటి విషయాల్లో ఇంకా కనపడుతుంది. వంటింటి నుంచే వెళ్ళిపోయింది.

మ్యూనిక్_తెలుగు:
యూరోపియన్ చట్టంలో ఈ తేడా చక్కగా కనపడుతుంది. 89/108 నంబరు ఆదేశం ఫ్రోజెన్ ఆహారం గురించే, మైనస్ 18 నియమం అందులోనే ఉంది. దాని ఇంగ్లీషు ప్రతిలో సరుకు పేరు "క్విక్ ఫ్రోజెన్", జర్మన్‌లో టీఫ్‌తో మొదలయ్యే మాట, స్వీడిష్‌లో యూప్‌తో, ఫిన్నిష్‌లో పకస్తా కుటుంబం మాట. నాలుగు భాషలూ చెప్పేది ఒకే సరుకు గురించి. ఇంగ్లీషు వేగాన్ని చెప్పింది, జర్మన్ స్వీడిష్‌లు లోతుని, ఫిన్నిష్ చలిని. గోదారిగట్టు అన్న చెప్పిన మైనస్ 1 నుంచి మైనస్ 5 మెట్టు ఉంది కదా, ఆ స్ఫటికాలు కట్టే దశని వీలైనంత తొందరగా దాటించాలన్నది ఆ ఆదేశం నిర్వచనంలోనే ఉంది.

గోదారిగట్టు:
మా బయ్యర్లు ఆడిట్‌కి వచ్చినప్పుడు అడిగేది అదే అండి. ఎంత టైములో దాటింది, కోర్ ఎంత, కంటైనర్‌లో దారి పొడుగునా మైనస్ 18 నిలబడిందా. ఈ మూడూ చూపిస్తే మాట ఏదైనా సంతకం పెడతారు.

ఓరుగల్లు_కుర్రోడు:
ఒక డౌట్. ఫిన్నిష్ల కూడా మన లెక్కనే ప్రత్యయాలు ఎనకకు అతుకుతయి కదా, మనకూ వాళ్ళకూ చుట్టరికం ఉన్నట్టా?

వ్యాకరణం_వాణి:
ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ 1856లో ఆ దిశగా వాదించాడు. తర్వాత వచ్చిన భాషాశాస్త్రం దాన్ని అంగీకరించలేదు, ద్రావిడ, యూరాలిక్ రెండూ వేరు కుటుంబాలే. పోలికలు మాత్రం చూడటానికి హాయిగా ఉంటాయి. యాకాపిస్స అంటే ఫ్రిజ్‌లో, చివరి "స్స" మన "లో" పని చేస్తుంది. యాత్యుయా అంటే గడ్డకట్టు, యాద్యుత్త్యా అంటే గడ్డకట్టించు, మధ్యలో దూరిన ముక్క మన "ఇంచు" పని చేస్తుంది.

ఇంకో పోలిక ఈ సమాసాలకి నేరుగా పనికొస్తుంది. మనం గదికి అంటాం, చెట్టుకు అంటాం, ముందున్న అచ్చుని బట్టి "కి", "కు" మారతాయి. ఫిన్నిష్‌లో ఇది ఇంకా కచ్చితం. నాలుక ముందుకి జరిపి పలికేవి ముందు అచ్చులు, వెనక్కి లాగి పలికేవి వెనక అచ్చులు. ఒక మాటలో ముందు అచ్చులు ఉంటే ప్రత్యయంలో కూడా ముందు అచ్చే, వెనక అచ్చులుంటే వెనకదే. సొంత మాటల్లో ఈ రెండూ కలవవు, ఒక్క సమాసంలో తప్ప; ఇ, ఎ మాత్రం దేనితోనైనా కలుస్తాయి. యాకాప్పిలో "యా" ముందు అచ్చు, "కాప్పి"లోని "ఆ" వెనక అచ్చు. కొత్త మాట ఎదురైనప్పుడు ఈ రెండు రకాలూ కనపడితే, అచ్చు మారిన చోట చాలాసార్లు అతుకు దొరుకుతుంది. స్యువ్యాయాద్యుత్యుస్‌లో అన్నీ ముందు అచ్చులే పడ్డాయి కాబట్టి అలా అతుకు కనపడదు, అందుకే చదివేవాళ్ళకి అది ఒకే పొడుగు మాటలా అనిపిస్తుంది.

నిఘంటుప్రియ:
వాణి గారూ, అయితే క్యుల్మ్యాకుయ్‌వౌస్ అన్న మాటలో అతుకు క్యుల్మ్యా తర్వాతేనా? దాన్ని కూడా పట్టికలో పెట్టాలి. పకస్తెకుయ్‌వౌస్ అని కూడా చూశాను. రెండూ ఒకటేనా?

వ్యాకరణం_వాణి:
అవును, అక్కడే. క్యుల్మ్యా చలి, కుయ్‌వౌస్ ఎండబెట్టడం. రెండోదాంట్లో పకస్తె ముందుకొచ్చింది. రెండూ ఫ్రీజ్ డ్రయింగ్‌కే. స్వీడిష్, జర్మన్ మాటల కూర్పు కూడా "గడ్డకట్టించి ఎండబెట్టడం"అనే.

గోదారిగట్టు:
ఇది మాత్రం ఫ్రీజింగ్‌తో కలపకండి, పని వేరు. ముందు గడ్డకట్టిస్తారు, తర్వాత గాలి లాగేసి ఒత్తిడిని 611 పాస్కల్స్ కంటే కిందికి దించుతారు. ఆ ఒత్తిడి దగ్గర ఐసు నీళ్ళు కాదు, నేరుగా ఆవిరవుతుంది. ఇన్‌స్టంట్ కాఫీలో ఖరీదైన రకం ఇలా చేసినదే. మిగిలే సరుకు తేలిగ్గా, గుల్లగా ఉంటుంది, మామూలు గదిలో ఉంచుకోవచ్చు, మైనస్ 18 అవసరం లేదు.

ఎస్పోవాసి:
ఇక్కడ ఉత్తరాన ఉన్న లాప్‌లాండ్‌లో రెయిన్‌డీర్ మాంసాన్ని వసంతం మొదట్లో ఆరుబయట వేలాడదీసి ఎండబెడతారు. రాత్రి గడ్డకడుతుంది, పగలు ఎండా గాలీ తగులుతాయి. వాక్యూమ్ మిషన్ లేకుండా దగ్గర దగ్గరగా అదే పని. దాన్ని కుయ్‌వలిహ అనే అంటారు, ఎండు మాంసం అని.

నిఘంటుప్రియ:
పట్టికలో ఇలా పెడుతున్నాను. పకస్తా: ఫ్రీజ్ చేయు, డీప్‌లో పెట్టు. పకస్తె: ఫ్రోజెన్ సరుకు. పకస్తిన్: డీప్ ఫ్రీజర్. స్యువ్యాయాద్యుత్యుస్: తీవ్ర ఘనీభవనం, శాస్త్ర విషయాల్లో వాడేది, స్వీడిష్ కూర్పుని బట్టి వచ్చినది. క్యుల్మ్యాకుయ్‌వౌస్: ఫ్రీజ్ డ్రయింగ్. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.

వ్యాకరణం_వాణి:
"తీవ్ర" పెట్టడం బాగుంది. అలాగే ఉంచండి.

ఎస్పోవాసి:
ఒక మాట చేర్చండి, వంట చేసేవాళ్ళకి ఇది తప్పనిసరి. యాద్యుత్త్యా అంటే గడ్డకట్టించు, యాహ్‌ద్యుత్త్యా అంటే చల్లార్చు. మధ్యలో ఒక్క "హ్" తేడా. వంటల్లో ఎక్కువగా వచ్చేది రెండోది, పిండి గానీ పాకం గానీ పక్కన పెట్టి చల్లారనివ్వమని. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని మొదటిదిగా చదివి గిన్నె తీసుకెళ్ళి ఫ్రీజర్‌లో పెట్టేస్తారు. ప్యాకెట్ వెనక మాత్రం "కరిగిన సరుకుని మళ్ళీ గడ్డకట్టించకూడదు" అన్న వాక్యంలో హ్ లేని మాటే ఉంటుంది. రెండిటినీ పట్టికలో పక్కపక్కనే పెట్టండి.

నిఘంటుప్రియ:
చేర్చాను. రెండు మాటల్లోనూ ఆ అక్షరం దగ్గర రంగు మార్చి పెట్టాను.